మిగులు పట్టు

ఆ తుక్కు యార్డులో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కే అనేవారు. నెత్తి మీద వేలాడే ఇనుమంతా ఎవరి బొటనవేలి కింద ఉందో, వాళ్ళతో వరస కలుపుకుని ఉండడం మంచిదని ఎవరికి మాత్రం తెలియదు?

అక్క క్రేను నడిపేది. క్రేను తాళ్ళకు బండిచక్రమంత మాగ్నెట్ వేలాడేది. పచ్చబటన్ నొక్కితే అది గుయ్యిమంటూ మోగి, కింద ఏముంటే దాన్ని లాక్కుని అంటించుకునేది. నల్లబటన్ నొక్కితే మోత ఆగిపోయేది. డబ్బాలు, మేకులు, చువ్వల్లాంటి చిల్లర తుక్కయితే అంతటితో జలజలా రాలిపోయేది. మందంగా, నునుపుగా ఉన్న పలకలు మాత్రం అంత తేలిగ్గా వదిలేవి కావు. కరెంటు పోయినా మాగ్నెట్‌లో కొంత పట్టు మిగిలిపోయేది. ఆ పట్టు తెంచడానికే ఎర్రబటన్. అది నొక్కితే ఒక్క క్షణం ఎదురు కరెంటు పారుతుంది, పలక ధడేల్మని పడుతుంది. నలుపు, వెంటనే ఎరుపు. ఇరవై రెండేళ్ళుగా అక్క బొటనవేలు ఆ రెండింటినీ టక్ టక్ మని ఒకే పనిలా చేసేది.

ఎర్రబటన్ మొరాయించిన రోజున సమ్మెట పట్టాల్సిందే. యార్డులో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే కాయిల్ తాత ఆ సంగతి చెప్పేవాడు. మాగ్నెట్‌లో కాలిపోయిన తీగ విప్పి కొత్త తీగ చుట్టడం ఆయన పని. చెవులు దాదాపు వినపడవు, అందుకని లోకమంతా చెవిటిదన్నట్టు కేకలేసి మరీ చెప్పేవాడు.

"మిగులు పట్టు పోవాలంటే మూడే దారులురా! ఎదురు కరెంటన్నా ఇవ్వాలి, కాల్చన్నా కాల్చాలి, కొట్టన్నా కొట్టాలి. కొట్టేటప్పుడు మాత్రం దించి కొట్టండి. నేలకి జానెడెత్తుకి దించి, అప్పుడు కొట్టండి. పైనుండగా కొట్టారో, పలక తిన్నగా పడదు. ఒక అంచు ముందు ఊడుతుంది, రెండో అంచు ఇంకా పట్టుకునే ఉంటుంది. తలుపు తిరిగినట్టు తిరిగొచ్చి కొడుతుంది. ఆ తర్వాత నాకు చెప్పుకోవడానికి మీరుండరు, చెప్పినా నాకు వినపడదు!"

సమ్మెట కొట్టే పని కొక్కెంది. కొక్కెం అంటే అక్క చెల్లెలి మొగుడు. పొడుగాటి ఊచకి కొక్కెం పెట్టి తుక్కు లాగేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఏదన్నా మాట మనసులో పడితే చచ్చినా వదలడు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అమ్మా నాన్నా పోయాక చెల్లిని పెంచింది అక్కే. యార్డులో పని బాగా చేస్తున్నాడు కదా అని వీణ్ణి చూసి పెళ్ళి చేసింది కూడా అక్కే. ఇనుములో పగుళ్ళు చూడగానే పసిగట్టే మనిషి, మనిషిలో పగులు పట్టుకోలేకపోయింది. పెళ్ళయిన ఏడాదికే చెల్లి వంటి మీద కమిలిన గుర్తులు కనపడడం మొదలైంది. అడిగితే తలుపు తగిలిందనేది. ఆ ఇంట్లో ఎన్ని తలుపులున్నాయో అని అక్క మండిపడేది.

అసలు సంగతి అక్కకు తెలియనిదేమీ కాదు. ఆమె పైన కూర్చునేది, వాడు కింద నిలబడేవాడు. "ఏంరా కొక్కెం, ఇంట్లో పెళ్ళాం మీద, ఇక్కడ వదిన కిందా?" అని తోటివాళ్ళు ఇకిలించేవారు. వదినను పల్లెత్తు మాట అనే ధైర్యం వాడికి లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే, వీడు వదిన మీద కోపం పెళ్ళాం మీద చూపించేవాడు. అక్క యార్డులో వాణ్ణి ఒక మాటంటే, సాయంత్రానికి అది చెల్లి వంటి మీద తేలేది. అందుకే చాలాకాలంగా వాడు ఏం చేసినా ఆమె నోరు కుట్టుకునే ఉండేది.

ఆ మంగళవారం మాత్రం కుట్టుకోలేకపోయింది. ఎర్రబటన్ పనిచేయక ఒక పలక తలపైన ఆగిపోయింది. అక్క దించేలోపే వాడు సమ్మెట ఎత్తాడు. అక్క కేబిన్‌లోంచి సగం బయటికి వంగి, యార్డు నాలుగు మూలలా వినపడేలా అరిచింది.

"ఒరేయ్! దించకుండా కొడతావా? చావాలనుందా నీకు? వెనక్కి పో!"

వాడు వెనక్కి దూకాడు. అది వాడి ప్రాణం కాపాడిన అరుపు. కాని చుట్టూ ఉన్న పాతికమందికి కనపడింది మాత్రం ఆడమనిషి అరిస్తే మగవాడు ఎగిరి దూకడం. పగలబడి నవ్వారు. ఒకడు మధ్యాహ్నం దాకా వాడి వెనకాలే "వెనక్కి పో! వెనక్కి పో!" అంటూ తిరిగాడు. సాయంత్రం తాత ఎర్రబటన్ తీగలు బాగుచేశాడు. అక్క దిగి ఇంటికి వచ్చేసరికి చెల్లి కబురు పట్టుకుని పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

చెల్లి దవడ రెండుచోట్ల విరిగింది. సమ్మెట పిడితో కొట్టాడు. ఆసుపత్రిలో పైపళ్ళూ కిందిపళ్ళూ కలిపి తీగతో బిగించేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదన్నారు. తీగ బిగించకముందు చెల్లి రక్తం మింగుతూ అన్న ఆఖరి మాట ఒక్కటే.

"వద్దక్కా. ఆయన్నేం చెయ్యకు."

అక్కకు ఒళ్ళు మండిపోయింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని, "దెబ్బలు పడితే ఇనుముకైనా పట్టు వదులుతుంది కదే! నీకెందుకు వదలదే?" అంది.

చెల్లి అక్క చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకోబోయింది, ఒట్టు వేయించుకుందామని. అక్క చెయ్యి వెనక్కి లాక్కుని బయటికి వచ్చేసింది. రేపు వాడి సంగతి తేలుస్తానని గుమ్మంలోనే అనేసింది కూడా.

మర్నాడు కొక్కెం ఏమీ ఎరగనట్టు పనికి వచ్చాడు. అక్క కూడా ఏమీ ఎరగనట్టే మెట్లెక్కింది. పది గంటలకు అందరూ టీకి గేటు పక్క రేకుల షెడ్డుకి పోయారు. నిన్న నవ్వినవాళ్ళ మొహాలు చూడలేక కొక్కెం పోలేదు. తాత తన గదిలో తీగ చుట్టుకుంటున్నాడు, ఆయన పక్కన పిడుగు పడినా తలెత్తడు. యార్డులో మిగిలింది వీళ్ళిద్దరే. అక్క ఎదురుచూసింది ఆ పావుగంట కోసమే.

ప్రెస్ మిషన్ అడుగుపలక ఒకటి గుట్ట మీద ఉంది. తలుపంత పలక, రెండంగుళాల మందం, ఏడు వందల కిలోల బరువు, అద్దంలా నునుపు చేసిన ముఖం. అక్క దాన్ని ఎత్తింది. లోడు కదిలించే ముందు హారన్ కొట్టాలి. కొట్టలేదు. కొక్కెం వంగి, ఇనుపచువ్వల్లో చిక్కుకున్న తీగ లాగుతున్నాడు. పలకను వాడి మీదికి తెచ్చి, మనిషెత్తుకి మూరెడు పైన ఆపింది. తప్పించుకునే వ్యవధి ఇవ్వకూడదని లెక్కకట్టి మరీ ఆపింది. వాణ్ణి చంపడం పాపమని ఆ క్షణాన ఆమెకు అనిపించలేదు. ఆ మాట దాచడం ఎందుకు?

నల్లబటన్ నొక్కింది.

గుయ్యిమనే మోత ఆగింది. పలక పడలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, నలుపు మీంచి ఎరుపు మీదికి వెళ్ళాల్సిన బొటనవేలు దారిలో ఆగిపోయింది. ఎర్రబటన్ మీద వేలి నీడ పడుతోంది. నొక్కితే చాలు. నిన్న తను వేయని ఒట్టు ఆ వేలికి ఎక్కడో తగులుకుంది. ఒక్కసారి చంపడానికి సిద్ధపడి వచ్చిందే గాని, రెండుసార్లు చంపాల్సి వస్తుందని అక్క అనుకోలేదు.

మోత ఆగగానే కొక్కెం తలెత్తాడు. ఆ యార్డులో పనిచేసేవాడికి మోత కంటే మౌనమే భయం. నెత్తి మీద పలకనీ, కేబిన్‌లో అక్క మొహాన్నీ చూశాడు. ఒక్క గెంతులో పక్కకి పడ్డాడు. వాడికి అర్థమైపోయింది.

పలకను మళ్ళీ అంటించుకుందామని అక్క పచ్చబటన్ వైపు చెయ్యి కదిపేసరికే వాడు క్రేను కాళ్ళ దగ్గరున్న మెయిన్ స్విచ్ లాగేశాడు. కేబిన్‌లో దీపాలన్నీ ఆరిపోయాయి. మాగ్నెట్ చచ్చింది, హారన్ చచ్చింది, పలక పైకీ కిందికీ పోకుండా మిగులు పట్టు మీదే వేలాడుతోంది. వాడు ఇనుపఊచ పట్టుకుని మెట్లెక్కాడు. కేబిన్ తలుపు గడియ ఎప్పుడో ఊడిపోయింది. బాగుచేయించమని అక్క చెప్పని రోజు లేదు.

"ఏ వేలుతో నొక్కావే?" అన్నాడు లోపలికి వస్తూనే.

అక్క ఊచ పట్టుకోబోయింది. వాడు ఆమె మణికట్టు దొరకబుచ్చుకుని బటన్ల పెట్టె మీద అదిమి, ఊచతో బొటనవేలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. ఆమె ఎడమచేత్తో వాడి మొహం రక్కింది, చెయ్యి కొరికింది. వాడు జుట్టు పట్టుకుని కిటికీ చువ్వకేసి కొట్టాడు. కింద పడ్డాక పక్కటెముకల్లో రెండుసార్లు తన్నాడు.

"వదినా వదినా అని పిలిచాను నిన్ను! నా మీద పలకేస్తావా?"

"నేను ఎర్రది నొక్కి ఉంటే నువ్వీపాటికి ఉండేవాడివి కాదురా," అంది అక్క రక్తం ఉమ్ముతూ.

"నొక్కే దమ్ము నీకేదీ?" అని వాడు నవ్వాడు. ఆ నవ్వుతోపాటే నిన్నటి పాతికమంది నవ్వూ గుర్తొచ్చినట్టుంది, మొహం మాడిపోయింది. "దించి కొట్టాలా? అంతమందిలో నాకు పాఠాలు చెప్తావా? పదేళ్ళ నించి కొడుతున్నాను. దించకుండా కొడతాను, ఏమవుతుందో చూద్దువుగాని. లేచి చూడు!"

వాడు దిగిపోయాడు. అక్క కిటికీ పట్టుకుని మోకాళ్ళ మీద లేచింది. ఊపిరి తీస్తే పక్కల్లో పొడిచినట్టుంది. అయినా ఊపిరి ఆడుతోంది. కింద వాడు సమ్మెట అందుకుని పలక వైపు నడుస్తున్నాడు.

అప్పుడే గేటు దగ్గర చెల్లి కనపడింది. చేతికి ఆసుపత్రి పట్టీ అలాగే ఉంది, గడ్డం కింద నించి నెత్తి దాకా కట్టు. అక్క ఏం చేస్తుందోనన్న భయంతో ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది. గేటు దాటగానే ఆగిన పలక చూసింది, మోత లేకపోవడం గమనించింది. అక్క అన్నం క్యారేజీ మోస్తూ ఈ యార్డులోనే పెరిగిన పిల్ల. ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. పరిగెత్తింది.

వాడు మొదటి దెబ్బ వేశాడు. పలక గణగణలాడింది. ఊడలేదు.

చెల్లి అరవబోయింది. తీగలు బిగించిన పళ్ళ వెనక నుంచి మూలుగు మాత్రమే వచ్చింది. కట్టు మీద ఎర్రగా రక్తం పాకింది. చేతులు ఊపుతూ, మూలుగుతూ, చువ్వల గుట్టల మీద పడుతూ లేస్తూ వస్తోంది. కొక్కెం తిరిగి చూశాడు.

"వచ్చావా? ఇదంతా నువ్వు నేర్పిందేనా మీ అక్కకి? నోరు ముయ్యి!" అన్నాడు, తను మూయించిన నోటిని చూస్తూ.

రెండో దెబ్బ వేశాడు. పలక ఎడమ అంచు వెంట్రుకవాసి దిగింది. అది వాడికి కింద నుంచి కనపడదు. పైనున్న అక్కకు కనపడింది. ఆమె నోరు తెరిచింది. అరుస్తే వినపడుతుంది, యార్డంతా నిశ్శబ్దంగా ఉంది. వెనక్కి పో అంటే చాలు. నిన్న అన్న మాటే. నిన్న ఆ మాటకే వాడు బతికాడు, ఆ మాటకే చెల్లి దవడ విరిగింది. ఆమె కళ్ళముందు ఆ దవడ పరిగెత్తుకుంటూ వస్తోంది. అక్క నోరు మూసుకుంది.

వాడు మూడోసారి, ఒంట్లో ఉన్న కసంతా చేతుల్లోకి తెచ్చుకుని కొట్టాడు.

ఎడమ అంచు ఊడింది. కుడి అంచు ఒక్క క్షణం పట్టుకుని ఉంది. తాత చెప్పినట్టే పలక తలుపులా తిరిగివచ్చి వాణ్ణి మెడకీ ఛాతీకీ మధ్య కొట్టి, నేలమీదికి తీసుకుపోయి, వాడి మీద పడుకుంది. సమ్మెట మాత్రం ఎగిరి చెల్లి కాళ్ళ ముందు పడింది.

చెల్లి ఏడు వందల కిలోల పలకను గోళ్ళతో ఎత్తబోయింది. షెడ్డులోంచి జనం వచ్చేసరికి ఆమె గోళ్ళు మూడు ఊడిపోయి ఉన్నాయి. ఎవరో మెయిన్ వేశారు. మళ్ళీ ఎత్తాల్సింది అక్కే, అక్కడ ఇంకెవరికీ చేతకాదు. విరిగిన బొటనవేలు పక్కన పెట్టి చూపుడువేలితో పచ్చది నొక్కింది. పలక లేచింది. దాని అడుగున ఏముందో చూడకుండా దూరంగా తీసుకుపోయి, నేలకి జానెడెత్తుకి దించి, నలుపు నొక్కి ఎరుపు నొక్కింది. ఆ తర్వాత కేబిన్‌లోనే స్పృహ తప్పింది.

విచారణ మూడు రోజులు జరిగింది. పోలీసులకు అక్క ఏదీ దాచలేదు. నల్లబటన్ తనే నొక్కానంది, ఎందుకు నొక్కిందో కూడా చెప్పింది. వాళ్ళు తాతను పిలిపించి అడిగారు. నలుపు నొక్కినంతమాత్రాన ఆ పలక పడదని ఆయన కేకలేసి చెప్పాడు. మెయిన్ లాగింది వాడు, దించకుండా కొట్టింది వాడు, ముందురోజు వద్దని చెప్పినదానికి పాతికమంది సాక్షులున్నారు. చేజేతులా చచ్చాడని రాసుకుని వెళ్ళిపోయారు. "పక్కటెముకలు విరిగి గొంతు పెగల్లేదు గాని, లేకపోతే అక్క అరిచి ఆపేసేదే," అని యార్డులో వాళ్ళకి వాళ్ళే చెప్పుకున్నారు. పోలీసులు అడగని ప్రశ్న అదొక్కటే. అక్క అవుననలేదు, కాదనలేదు.

చెల్లి అక్క ఇంటికే వచ్చింది. గొట్టంతో పాలు, జావ. ఒక నోటుపుస్తకం, పెన్సిలు. నీళ్ళు అని రాసేది, నొప్పి అని రాసేది, దిండు అని రాసేది. వాడి గురించి ఒక్క అక్షరం రాయలేదు. అక్క రోజూ ఆ పుస్తకం తెరిచి చూసేది, వాడి పేరు దగ్గరికి ఆ పెన్సిలు ఎప్పుడు వస్తుందా అని. చెల్లికి తను తప్ప ఎవరూ లేరు, తనకి చెల్లి తప్ప ఎవరూ లేరు. ఆ తీగలు విప్పిన రోజున ఈ పిల్ల తనని వదిలేసి వెళ్ళిపోతుందని అక్కకు గట్టి నమ్మకం. వెళ్ళినా తప్పు పట్టడానికి లేదనీ తెలుసు.

ఆరు వారాలకి తీగలు తీశారు. ఇంటికొచ్చాక చెల్లి చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, దవడ రెండుసార్లు మెల్లగా ఆడించి చూసుకుంది.

"అక్కా, ఒకటి అడుగుతాను."

గొంతు బొంగురుగా, కొత్తగా ఉంది.

"అడుగు."

"ముందురోజు అరిచావట కదా. యార్డంతా వినపడేలా అరిచావట. ఆ రోజు నాకైతే నోరు కట్టేసి ఉంది. నీ నోటికేమైందక్కా?"

పక్కటెముకలని చెప్పొచ్చు. డాక్టరు రాసిచ్చిన కాగితం బీరువాలోనే ఉంది. అక్క కట్టు విప్పిన బొటనవేలి వైపు చూసుకుంది. అది వంకరగా అతుక్కుంది.

"ఏం కాలేదు. అరవగలను. అరవలేదు."

"ఎందుకని?"

"ముందురోజు అరిచినందుకే కదే నీకిలా అయింది."

చెల్లి అక్క మొహంలోకి చూసింది.

"ఊపిరాడలేదని చెప్తావనుకున్నాను," అంది. "అలా చెప్తే సంచీ సర్దుకుని వెళ్ళిపోదామనుకున్నాను."

అక్క ఏదో అనబోయేలోపే చెల్లి నోరు తెరిచింది. ఆరు వారాల తర్వాత మొదటిసారి, దవడ ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, వాడి కోసం ఏడ్చింది. వాడి పేరు పెట్టి పిలుస్తూ, తనని చావగొట్టినవాడి కోసం గుండెలు బాదుకుంటూ గట్టిగా ఏడ్చింది. అక్క కదల్లేదు, ఊరుకోమనలేదు. ఆ ఏడుపుకి పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్క లేచి తలుపు మూయలేదు.